తిరగని కారుకే ఖర్చెక్కువ

హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో కారున్న ఇళ్లకు కొదవ లేదు. ఆ కార్లు రోజూ తిరిగే దూరం మాత్రం బహు తక్కువ. పిల్లల్ని బడి దగ్గర దింపి రావడం, సాయంత్రం మార్కెట్టు, ఆదివారం త్యాగరాయ గానసభలో ఏదో కార్యక్రమం, ఎప్పుడైనా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా. పోనూ రానూ కలిపినా చాలా ట్రిప్పులు మూడు నాలుగు కిలోమీటర్లు దాటవు. మిగతా వేళంతా బండి సెల్లార్‌లోనో, అపార్ట్‌మెంటు స్తంభాల మధ్యనో, అదీ లేకపోతే వీధిలో గోడ వారగానో నిలబడి ఉంటుంది. ఆరేళ్ల కిందట కొన్న కారు మీటరు చూస్తే ఇరవై వేల కిలోమీటర్లు కూడా ఉండవు. అలాంటి బండి ఓనరు నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘‘అసలు తిప్పనే లేదండీ, అయినా ఎప్పుడు చూసినా షెడ్డులోనే.’’

తిప్పకపోవడమే ఆ రిపేర్లలో చాలావాటికి కారణమంటే నమ్మడం కష్టం. కొత్త చెప్పుల్లా దాచుకుంటే కారు కొత్తగానే ఉంటుందని మనం అనుకుంటాం. కానీ కారులో ఉన్నది కేవలం ఇనుము కాదు. అందులో ఆమ్లం ఉంది, నూనె ఉంది, రబ్బరు ఉంది, తేమను పీల్చుకునే ద్రవాలున్నాయి. ఇవన్నీ నిలబడి ఉన్నప్పుడు కూడా మారుతూనే ఉంటాయి. బండి వేడెక్కి, కొంతసేపు ఆగకుండా పరిగెత్తితేనే వాటిలో చాలావరకు మళ్లీ దారికొస్తాయి.

ముందు ఇంజిను సంగతి చూద్దాం. నేటి పెట్రోల్ ఇంజిన్లు సుమారు 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర సవ్యంగా పనిచేసేలా తయారవుతాయి. స్టార్ట్ చేశాక కూలెంట్ ఆ వేడికి చేరడానికే కొన్ని కిలోమీటర్లు పడుతుంది. ఇంజిన్ ఆయిల్ వేడెక్కడానికి ఇంకా ఎక్కువ సమయం కావాలి. చిక్కడపల్లి మెట్రో స్టేషన్ దగ్గర బయల్దేరి నారాయణగూడ వెళ్లి ఆపేస్తే ఆయిల్ ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. ఈ కాస్త దూరంలో లోపల జరిగే రసాయన చర్య తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది.

పెట్రోల్ అంటే కార్బన్, హైడ్రోజన్ కలిసిన పదార్థం. అది మండినప్పుడు అందులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. లెక్క వేసి చూస్తే ఒక లీటరు పెట్రోల్ మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. వేడెక్కిన బండిలో అది ఆవిరిగా సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. చల్లగా ఉన్న ఇంజినులో కొంత భాగం లోపలి గోడలకే తాకి నీటి బొట్లుగా మారుతుంది. పిస్టన్ రింగుల పక్క నుంచి జారిన ఆవిరి కింద ఆయిల్‌లో కలుస్తుంది. సైలెన్సర్‌లో మిగిలిన నీరు అక్కడే నిలిచి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. బయటికి నిగనిగలాడే సైలెన్సర్ ఒకరోజు ఉన్నట్టుండి చిల్లుపడి గొల్లుమనడానికి మూలం ఇదే. ఉదయం పూట సైలెన్సర్ చివర నీళ్లు కారుతుంటే కంగారు పడనక్కర్లేదు. కారుతున్నాయంటే బయటికి పోతున్నట్టే. లోపలే ఉండిపోయే నీటితోనే చిక్కు.

ఇది మీ కంటితో మీరే చూడవచ్చు. వానాకాలంలో ఓ వారం రోజులు దగ్గరి ట్రిప్పులే తిప్పాక, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు బానెట్ తెరిచి ఆయిల్ పోసే మూత విప్పండి. మూత లోపలి వైపు లేత గోధుమ రంగులో, వెన్నలాంటి జిగురు అంటుకుని ఉంటే అది ఆయిల్, నీరు కలిసి చిలికినట్టయిన పదార్థం. దాన్ని చూపించి ‘‘హెడ్ గాస్కెట్ పోయింది సార్’’ అనే మెకానిక్‌లూ ఉన్నారు. తొందరపడకండి. ఆయిల్ కొలిచే కడ్డీ, అంటే డిప్‌స్టిక్ లాగి చూడండి. దాని మీద ఆయిల్ మామూలు రంగులో ఉండి, కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గకపోతే గాస్కెట్ బాగానే ఉన్నట్టు. జిగురు మూతకే పరిమితమైతే అది దగ్గరి ట్రిప్పుల ఆనవాలు. డిప్‌స్టిక్ మీద కూడా ఆయిల్ పాలు కలిపినట్టు ఉండి, కూలెంట్ తగ్గుతూ వస్తుంటే మాత్రం బండి కదపకుండా షెడ్డుకు కబురు పంపాల్సిందే.

పదివేల కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్చమని చాలా కంపెనీలు పుస్తకంలో రాస్తాయి. రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగని వాళ్లు ఆ ‘ఏడాది’ అన్న షరతును పట్టించుకోరు. నిజానికి ఆ షరతు పెట్టింది వాళ్ల కోసమే. ఆయిల్‌లో చేరే నీరు, కాలని పెట్రోల్, ఆమ్లాలు కిలోమీటర్లను బట్టి పెరగవు, చల్లటి స్టార్టులను బట్టి పెరుగుతాయి.

పెట్రోల్ కారు ఈ మాత్రం తట్టుకుంటుంది. డీజిల్ కారుకు ఈ పేటలు అసలు పడవు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్‌-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. అప్పటి నుంచి డీజిల్ కార్ల పొగగొట్టంలో డీపీఎఫ్ అనే వడపోత ఉంటోంది. మసి రేణువుల్ని అది పట్టి ఉంచుతుంది. పట్టిన మసిని అప్పుడప్పుడు కాల్చేయాలి. దానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి రావాలంటే బండి ఓ పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా ఒక మాదిరి వేగంతో నడవాలి. హిమాయత్‌నగర్ వైపు సిగ్నళ్లలోనో, క్రాస్‌రోడ్స్ రద్దీలోనో అది సాధ్యమయ్యే పని కాదు. మసి కాల్చడం మొదలుపెట్టగానే ఇల్లు వచ్చేస్తుంది, ఇంజిను ఆపేస్తాం. ఇలా పదే పదే మధ్యలో ఆగితే వడపోత పూడుకుపోతుంది. డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, ఆ తర్వాత బండి బలం తగ్గిపోతుంది. వడపోత మార్చాలంటే బిల్లు బరువుగానే ఉంటుంది. ఇప్పటికే డీజిల్ బండి ఉన్నవాళ్లు దీపం వెలిగిన వెంటనే ఉప్పల్ మీదుగా ఘట్‌కేసర్ దాకా వెళ్లి, ఔటర్ రింగ్ రోడ్డు మీద కాసేపు నడిపి వస్తే చాలాసార్లు షెడ్డు బిల్లు తప్పుతుంది. కొత్తగా కొనేవాళ్లకు నా మాట ఒక్కటే. మీ తిరుగుడంతా ఈ మూడు పేటల్లోనే అయితే డీజిల్ వద్దు.

ఇక బ్యాటరీ. పొద్దున్నే ‘సెల్ఫ్’ కొట్టకపోతే అందరి కళ్లూ దాని మీదే పడతాయి. 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసం-ఆమ్లం బ్యాటరీయే నేటికీ మన బానెట్ కింద ఉంది. 1912లో అమెరికాలో కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చాక, చేత్తో హ్యాండిల్ తిప్పే బాధ పోయింది. ఆ నాటి నుంచి బ్యాటరీ చచ్చిపోతే కారు కదలని రోజులు మొదలయ్యాయి.

పని తీరు సులువే. ఒక పలక సీసం, ఇంకోటి సీసం డయాక్సైడ్, మధ్యలో సల్ఫ్యూరిక్ ఆమ్లం. కరెంటు వాడుకున్నప్పుడు రెండు పలకల మీదా సీసం సల్ఫేట్ పేరుకుంటుంది. ఛార్జి చేస్తే కరిగి తిరిగి ఆమ్లంలోకి పోతుంది. సగం ఛార్జితో వారాల తరబడి వదిలేస్తే ఆ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా ముదిరిపోతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జి ఇచ్చినా కరగదు. అంత మేర పలక పనికిరాకుండా పోయినట్టే.

చాలామంది స్టార్టింగ్‌కే బ్యాటరీ అయిపోతుందని భావిస్తారు. చిన్న పెట్రోల్ కారు స్టార్టర్ రెండు వందల ఆంపియర్ల దాకా లాగినా అది ఒకటి రెండు సెకన్ల పని. లెక్క వేస్తే ఆంపియర్-అవర్‌లో పదో వంతు. అసలు హరించేది నిలబడి ఉన్నప్పుడు జరిగే చిన్న చిన్న వాడకం. తాళానికి స్పందించే రిమోట్ లాక్, అలారం, గడియారం, ఇంజిను కంప్యూటర్ జ్ఞాపకం ఇవన్నీ కలిసి ఒక 30 మిల్లీ ఆంపియర్లు నిరంతరం తీసుకుంటాయనుకోండి. రోజుకు 0.72 ఆంపియర్-అవర్. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఈ లెక్కన మూడున్నర వారాల్లో సగానికి పడిపోతుంది. డాష్‌క్యామ్ పెట్టించి, పార్కింగ్‌లో కూడా రికార్డు చేసేలా వదిలేస్తే పావు ఆంపియర్ దాకా లాగుతుంది. అప్పుడు సగానికి పడిపోవడానికి మూడు రోజులు చాలు. బయట షాపుల్లో బిగించిన లైట్లు, స్పీకర్లు, జీపీఎస్ ట్రాకర్లు ఉన్న బండికి బ్యాటరీ తరచూ దిగిపోతుంటే ముందు వాటి వైరింగ్ చూపించండి. అంతకుముందే కొత్త బ్యాటరీ కొనడం దండగ.

దీనికి తోడు వేడి. చలిదేశాల్లో బ్యాటరీ చలికాలంలో మొరాయిస్తుంది. మన ఊళ్లో దాన్ని చంపేది ఎండాకాలం. వేడి పెరిగితే లోపల తుప్పు పట్టే చర్య వేగం పెరుగుతుంది. మే నెలలో వీధిలో నిలబడిన కారు బానెట్ కింద వేడి బయటి 41, 42 డిగ్రీల కన్నా చాలా ఎక్కువ. ఎండలో దెబ్బతిన్న బ్యాటరీ వానాకాలం మొదట్లో, వైపర్లూ లైట్లూ ఏసీ అన్నీ ఒకేసారి పడ్డాక చేతులెత్తేస్తుంది. జూన్, జులైల్లో బ్యాటరీలు ఎక్కువగా పోవడానికి మూలం ఏప్రిల్, మేలలోనే ఉంటుంది.

బ్యాటరీ పాడవకుండా రోజూ పొద్దున్నే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసే అలవాటు ఈ అపార్ట్‌మెంట్లలో బాగా ఉంది. వాచ్‌మన్‌కు తాళాలిచ్చి చేయించేవాళ్లూ ఉన్నారు. మంచి ఉద్దేశమే, కానీ ఫలితం తలకిందులు. ఇంజిను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటర్ తక్కువ కరెంటు ఇస్తుంది. దిగిపోయిన బ్యాటరీ ఐదు నిమిషాల్లో నిండేది ఎటూ లేదు. మరోవైపు ఇంజిను వేడెక్కదు కాబట్టి పైన చెప్పిన నీరంతా ఆయిల్‌లో, సైలెన్సర్‌లో చేరుతుంది. గాలి ఆడని సెల్లార్ అయితే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. అది మనిషి ప్రాణానికే ముప్పు. అక్కడ నిద్రించే వాచ్‌మన్ కుటుంబం గురించి కాస్త ఆలోచించండి. ఈ ఐదు నిమిషాల స్టార్టు మానేసి, వారానికి ఒక్కసారి ముప్పై నలభై నిమిషాలు ఆగకుండా నడిపితే బ్యాటరీ, ఆయిల్, సైలెన్సర్, బ్రేకులు, టైర్లు, ఏసీ కంప్రెసర్ సీళ్లు అన్నీ ఒకేసారి కుదుటపడతాయి. ఆదివారం పొద్దున్న రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు ఉప్పల్ దాటి ఓ చుట్టు చుట్టి వస్తే సరిపోతుంది.

నాలుగైదు వందల రూపాయలకు వచ్చే మల్టీమీటర్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. రాత్రంతా నిలబడిన బండికి, తలుపు తెరవకముందే బ్యాటరీ మీద పెట్టి చూడాలి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉంది. 12.2 అంటే సగం. 11.9 దగ్గరికి వస్తే ఖాళీ. ఇంజిను నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య చూపించకపోతే లోపం సాధారణంగా ఆల్టర్నేటర్‌ది. ఈ రెండు అంకెలు మీకు తెలిస్తే, బ్యాటరీ మార్చాలా, ఆల్టర్నేటర్ బాగుచేయించాలా అన్నది షాపువాడు చెప్పేదాకా ఆగనక్కర్లేదు.

ఇలాంటిదే ‘చెక్ ఇంజిన్’ దీపం. మెకానిక్ స్టీరింగ్ కింద ఒక చిన్న పరికరం తగిలించి కోడ్ చదువుతాడు. పీ0300 అని వచ్చిందనుకోండి. అంటే ఒకటికి మించిన సిలిండర్లలో పెట్రోల్ సరిగ్గా మండడం లేదని అర్థం. స్పార్క్ ప్లగ్ పోయి ఉండవచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, కంప్రెషన్ తగ్గి ఉండవచ్చు. కోడ్ చెప్పేది రోగలక్షణం. ఏ భాగం మార్చాలో అది చెప్పదు. కోడ్ కాగితం చూపించి వరసగా భాగాలు మార్చేస్తుంటే, ఏ పరీక్ష చేసి ఆ నిర్ణయానికి వచ్చారని అడగడం మీ హక్కు. పాత భాగాన్ని మీకు ఇచ్చేయమనండి. రాణిగంజ్ స్పేర్ పార్టుల దుకాణాల్లో దాని ధర అడిగి తెలుసుకోవడం కూడా తప్పేమీ కాదు.

మన ట్రాఫిక్ చేసే నష్టం ఇంకో రకం. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి తెరిచాక అటు వెళ్లే బండ్లకు క్రాస్‌రోడ్స్ బెడద తగ్గింది. కింద చిక్కడపల్లి, నారాయణగూడ వైపు పోయేవాళ్లకు మాత్రం పాకుడు నడకే మిగిలింది. ఫ్లైఓవర్ ఎక్కే చోట బండి ఆగితే చాలామంది బ్రేకు తొక్కరు. హాఫ్ క్లచ్ మీద, కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి బండిని వాలు మీద నిలబెడతారు. టన్ను బరువున్న కారును వంద మీటర్లకు నాలుగు మీటర్లు లేచే వాలు మీద అలా ఆపితే క్లచ్ ప్లేటు దగ్గర పుట్టే వేడి సుమారు 800 వాట్లు. మన ఇళ్లలో వాడే ఇస్త్రీ పెట్టె శక్తి దాదాపు అంతే. ఇస్త్రీ పెట్టెను బట్ట మీద అలాగే వదిలేస్తే ఏమవుతుందో, క్లచ్ ప్లేటుకూ అదే గతి. హ్యాండ్ బ్రేకు ఉన్నదే అందుకు.

నిలబడిన చోట పెట్రోల్ కూడా మండుతుంది. ఏసీ వేసుకుని ఆగి ఉన్న చిన్న కారు గంటకు సుమారు ఒక లీటరు తాగుతుంది. అప్పుడు మైలేజీ సున్నా. ఈ మాట ఇప్పుడు చెప్పాల్సిన అవసరం ఉంది. ఎందుకంటే మైలేజీ తగ్గిందంటే అందరూ ఈ20 పెట్రోల్‌నే తిడుతున్నారు. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025 నాటికి దేశమంతటా మామూలైపోయింది. లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో 21 మాత్రమే. లెక్కిస్తే, అసలు ఇథనాల్ లేని పెట్రోల్ కన్నా ఈ20లో దాదాపు 7 శాతం శక్తి తక్కువ. అంతకుముందు మనం పోయించుకున్న ఈ10తో పోలిస్తే మూడున్నర శాతం. లీటరుకు 14 వచ్చే బండికి అర కిలోమీటరు తేడా. అది నిజమైన నష్టమే, ఆ మేరకు ధర తగ్గించకపోవడం మీద వినియోగదారుల కోపం న్యాయమే. కానీ 14 వచ్చే బండి 9 ఇస్తుంటే కారణం సిగ్నళ్లలో, దగ్గరి ట్రిప్పుల్లో, గాలి తగ్గిన టైర్లలో వెతకాలి. 2023కి ముందు కొన్న బండ్లున్నవాళ్లు ఇంధనపు రబ్బరు గొట్టాలు, సీళ్లను సర్వీసింగ్‌లో చూపించుకోవాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. ట్యాంకులో ఈ పెట్రోల్‌తో నెలల తరబడి బండిని వదిలేయకండి.

టైర్ల గురించి రెండు మాటలు చాలు. బండి కదలకపోయినా గాలి నెలకు ఒకటి రెండు పీఎస్ఐ తగ్గుతుంది. రబ్బరుకు వయసు కూడా ఉంటుంది. టైరు పక్కన నాలుగు అంకెలు అచ్చు వేసి ఉంటాయి. 2321 అంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. గీతలు లోతుగా ఉన్నా పక్కలు నెర్రెలిస్తే ఆ టైరు మార్చాల్సిందే. నైట్రోజన్ గాలికి అదనంగా డబ్బులు పెట్టక్కర్లేదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

ఎలుకలు ఈ పేటల్లో పెద్ద బెడద. మార్కెట్టు, హోటళ్లు, నాలా, అన్నీ పక్కపక్కనే. ఎలుక ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోవడానికి అది ఏదో ఒకటి కొరకాలి. చలిరాత్రి వెచ్చగా ఉన్న ఇంజిను పక్కన గూడు పెడుతుంది, చేతికందిన వైరు కొరుకుతుంది. పొగాకు కాడలు, కలరా ఉండలు కట్టేవాళ్లున్నారు. వాసన పోయిన వెంటనే వాటి పని అయిపోతుంది. రోజూ కదిలే బండిలో ఎలుక కాపురం పెట్టడం తక్కువ. వారం పైగా ఆపాల్సి వస్తే రెండు రోజులకోసారి బానెట్ తెరిచి చూడటం, గాలి లోపలికి వెళ్లే చోట జాలీ వేయించడం నికరమైన ఉపాయాలు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది వాన. పదహారో శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తవ్విన హుస్సేన్‌సాగర్ నిండితే, మిగులు నీరు పోయే నాలా దోమలగూడ, అశోక్‌నగర్, గాంధీనగర్, నల్లకుంట మీదుగా అంబర్‌పేట దాటి మూసీలో కలుస్తుంది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 241.5 మిల్లీమీటర్ల వాన నమోదైనప్పుడు ఈ నాలా ఒడ్డు పేటలు మునిగాయి. 2020 అక్టోబరు వరదలనూ ఇక్కడివాళ్లు మరిచిపోలేదు. నాలా పక్కన ఉండేవాళ్లకు, సెల్లార్‌లో బండి పెట్టేవాళ్లకు కింది లెక్క తెలిసి తీరాలి.

1200 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిను తీసుకోండి. ఒక్కో సిలిండర్ 300 సీసీ. పిస్టన్ పైకి వచ్చినప్పుడు గాలి, పెట్రోల్ మిశ్రమం పదిన్నర రెట్లు కుదించుకుపోతుందనుకుంటే, పైన మిగిలే చోటు సుమారు 32 సీసీ. అంటే రెండు టేబుల్ స్పూన్లు. గాలి కుదించుకుపోతుంది, నీరు కుదించుకోదు. గాలి పీల్చే గొట్టం గుండా అంతకన్నా ఎక్కువ నీరు సిలిండర్‌లోకి చేరిందా, పిస్టన్ పైకి రాలేక అక్కడే ఢీకొంటుంది. కింద తిరుగుతున్న క్రాంకు ఆగదు. రెండిటి మధ్య నలిగేది కనెక్టింగ్ రాడ్. అది వంగిపోతుంది, ఒక్కోసారి విరిగి ఇంజిను గోడను చీల్చుకుని బయటికొస్తుంది. దీన్నే మెకానిక్‌లు ‘ఇంజిన్ లాక్ అయింది’ అంటారు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. నిలబడి ఉన్నప్పుడు మునిగిన కారు ఇంజినుకు సాధారణంగా అంత నష్టం జరగదు. నీళ్లు తీశాక ‘ఒకసారి చూద్దాం’ అని తాళం తిప్పినప్పుడే రాడ్ వంగుతుంది. నీటిలో నడుపుతుండగా ఆగిపోయిన బండిని మళ్లీ మళ్లీ స్టార్ట్ చేసినా అంతే. బీమాలో కూడా తేడా ఇక్కడే వస్తుంది. వరద నష్టాన్ని సమగ్ర పాలసీ భరిస్తుంది. మునిగాక స్టార్ట్ చేయడం వల్ల ఇంజిను పోతే, అది తదనంతర నష్టమని బీమా కంపెనీ చెల్లింపు నిరాకరించవచ్చు. దానికి ‘ఇంజిన్ ప్రొటెక్ట్’ అనే అదనపు రక్షణ వేరుగా తీసుకోవాలి. నాలా నుంచి కూతవేటు దూరంలో ఉన్నవాళ్లకు అది దండగ ఖర్చు కాదు. బండి మునిగితే తాళం తిప్పకండి, తోయించి స్టార్ట్ చేయించకండి. అవకాశం ఉంటే బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, ఫొటోలు తీసి, బీమా కంపెనీకి చెప్పి, బండిని ఎత్తించి తీసుకెళ్లండి.

బీమా మాట వచ్చింది కాబట్టి ఇరుకు సందుల్లో పడే సొట్టల గురించీ చెప్పాలి. ఐదేళ్లు క్లెయిమ్ చేయకపోతే సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నాకు పడి, తర్వాత ఏటా 20, 25, 35, 45, 50గా మళ్లీ మొదటి నుంచి పెరగాలి. ఆ ప్రీమియం 8,000 అనుకుంటే ఐదేళ్లలో పోగొట్టుకునే రాయితీ దాదాపు 10,000. బండి విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి కాస్త తక్కువే అనుకుందాం. ఏడెనిమిది వేల లోపు డెంటింగ్, పెయింటింగ్ పనికి క్లెయిమ్ చేస్తే మిగిలేది లేదు.

చివరగా మొత్తం ఖర్చు. ఏడు లక్షల కారు కొన్నాం, ఏడాదికి 3,000 కిలోమీటర్లు తిప్పుతున్నాం అనుకోండి. బీమా కంపెనీలు పాటించే తరుగుదల పట్టిక ప్రకారం నాలుగేళ్లు దాటిన బండి విలువ సగానికి పడుతుంది. ఐదేళ్లకు మూడున్నర లక్షలు, ఏడాదికి 70,000. లీటరుకు 12 వస్తే 250 లీటర్లు, లీటరు 107 అనుకుంటే 26,750. బీమా 14,000, సర్వీసింగ్ 7,000 వేసుకుందాం. మొత్తం 1,17,750. కిలోమీటరుకు 39 రూపాయలు. అదే కారు ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే పెట్రోల్ నాలుగింతలైనా, సర్వీసింగ్ 10,000 వేసుకున్నా కిలోమీటరుకు 17 దాటదు. పెట్రోల్ ధర గురించి మనం పడే బెంగలో సగం తరుగుదల గురించి పడటం లేదు. ఎందుకంటే ఆ డబ్బు జేబులోంచి రోజూ బయటికి పోతూ కనిపించదు.

ఈ లెక్కన చిక్కడపల్లి నుంచి నారాయణగూడకు కారులో వెళ్లి వస్తే, పార్కింగ్ వెతుకులాట కాకుండానే, యాభై రూపాయల పైమాటే. 2020 ఫిబ్రవరి నుంచి అదే దారిలో మెట్రో నడుస్తోంది. నడక కూడా అంత దూరమేమీ కాదు. దగ్గరి పనులకు కారు తీయడం మానేస్తే చల్లటి స్టార్టులు తగ్గి ఇంజినుకు మేలు. దూరప్రయాణాలకు, ముసలివాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లడానికి, వారానికోసారి ఔటర్ దాకా తిప్పి రావడానికి ఉంచుకుంటే అదే కారు చాలా ఏళ్లు నిలుస్తుంది.

కొత్త కారు బుక్ చేసే ముందు గడిచిన ఏడాది మీ ఇంటి బండి మీటరు ఎంత తిరిగిందో ఒకసారి చూడండి. మూడు వేలు దాటకపోతే ఉన్న కారునే బాగా చూసుకోండి. రెండో కారు ఉంటే అమ్మేయండి.